మన ఊరి లెక్క మనమే చదువుదాం



హుస్నాబాద్‌లో చదివేవారికి మహ్మదాపూర్ గుట్టల గురించి కొత్తగా చెప్పనక్కర లేదు. 1948 మార్చి 14న అనభేరి ప్రభాకర్‌రావు, ఆయన దళ సభ్యులు అక్కడే నేలకొరిగారు. ఆ పోరాట కాలంలో దళాలు ఊరూరా చేసిన పనుల్లో ఒకటి పటేల్ పట్వారీల దగ్గరున్న దస్త్రాలను బయటకు తెప్పించి తగలబెట్టడం. భూమి ఎవరిది, శిస్తు ఎంత, ఎవరు ఎవరికి ఎంత బాకీ అన్నదంతా కాగితాల్లోనే ఉండేది. రాసేవాడు ఒక్కడు. చదవగలిగేవాడు కూడా దాదాపు ఆ ఒక్కడే. వేలిముద్ర వేసేవాళ్లు మాత్రం ఊరంతా. చదవరాని కాగితం మెడకు ఉరితాడైనప్పుడు దాన్ని కాల్చడం తప్ప వేరే దారి ఆనాటి రైతుకూలీలకు కనబడలేదు.

అది జరిగిన 58 ఏళ్లకు, 2006లో, కూలీల పిల్లలు మళ్లీ దస్త్రాలు అడిగారు. ఈసారి వాటిని ఊరి నడుమ నిలబడి గట్టిగా చదివారు. ఆ పనికి సామాజిక తనిఖీ అని పేరు. ఆ పిల్లలు ఎవరు, వాళ్లకు ఏమి నేర్పారు, నేర్చుకున్నది ఎక్కడ పనిచేసింది, ఎక్కడ చేయలేదు అన్నదే ఈ వ్యాసం. డిగ్రీ చదివే రోజుల్లో నేనూ కొన్నాళ్లు ఆ పని చేశాను. కనుక ఇందులో కొంత చదివింది, కొంత కళ్లారా చూసింది.

చట్టం ఏమి ఇచ్చింది

జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ పథకాన్ని ప్రారంభించారు. దేశం మొత్తం మీద మొదటి విడతకు తీసుకున్న 200 జిల్లాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి 13 జిల్లాలు ఉన్నాయి. కరీంనగర్, ఆదిలాబాద్ రెండూ ఆ జాబితాలోనివే. హుస్నాబాద్ అప్పుడు కరీంనగర్ జిల్లాలో ఉండేది, 2016 అక్టోబరులో సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది.

చట్టంలో మనకు తెలియాల్సిన నాలుగు ముక్కలు ఇవి. గ్రామీణ కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని అడిగే హక్కు. అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి. ఆడవారికి, మగవారికి ఒకే కూలి. కాంట్రాక్టర్లు ఉండరాదు. ఇవన్నీ అందరూ చెప్పుకున్నవే. ఎవరూ పెద్దగా చెప్పుకోనిది 17వ సెక్షన్. ఊరిలో జరిగిన పనులన్నిటినీ గ్రామసభ తనిఖీ చేయాలని, అందుకోసం మస్టర్ రోళ్లు, బిల్లులు, వోచర్లు, కొలతల పుస్తకాలు అన్నీ గ్రామసభ ముందు పెట్టాలని ఆ సెక్షన్ చెప్పింది. అదే ఏడాది అక్టోబరు 12 నుంచి సమాచార హక్కు చట్టం అమల్లోకి వచ్చింది. రెండూ కలిసి దస్త్రాల బీరువాకు తాళంచెవి అయ్యాయి. 2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో మరో చట్టం చేసింది కనుక ఈ వ్యాసంలోని లెక్కలు, నియమాలు పాత చట్టం నాటివని గుర్తుంచుకోండి.

తాళంచెవి ఇచ్చినంత మాత్రాన బీరువా తెరిచేవాళ్లు రారు. కాగితం అడగడానికి ఒకరు, చదవడానికి ఒకరు, విన్నది తప్పైతే తప్పని లేచి చెప్పడానికి ఒకరు కావాలి. ఈ ముగ్గురిని తయారుచేయడం ఎలా? దారి రాజస్థాన్‌లో ఉంది. అక్కడ 1990 మే 1న ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, చిన్న రైతుల సంఘం 1994 డిసెంబరు 2న కోట్ కిరానా అనే ఊరిలో మొదటి జన్ సున్‌వాయి జరిపింది. అంటే బహిరంగ విచారణ. ఊరి పనుల కాగితాలను ప్రజల ముందు చదివి, ఇది నిజమా అని అడగడమే ఆ సభ పని. సమాచార హక్కు కోసం జరిగిన ఉద్యమానికి అక్కడే ఊపు వచ్చింది. ఆ సంఘం అనుభవాన్ని ఆంధ్రప్రదేశ్ గ్రామీణాభివృద్ధి శాఖ 2006లో ఇక్కడికి తెచ్చుకుంది. అక్కడ పనిచేసిన సౌమ్య కిడాంబి ఇక్కడికి వచ్చి ఈ పనికి నాయకత్వం వహించారు. 2009లో దీనికోసమే ప్రత్యేకంగా ఒక సొసైటీ ఏర్పడింది. పని చేయించే శాఖే తన పనిని తనిఖీ చేసుకుంటే అది పరీక్ష రాసిన పిల్లవాడు తన పేపరు తానే దిద్దుకున్నట్టు ఉంటుంది కాబట్టి ఈ వేరు కుంపటి అవసరమైంది.

ఎవరికి నేర్పారు

రాష్ట్ర స్థాయిలో కొందరు, జిల్లా స్థాయిలో కొందరు రిసోర్సు పర్సన్లు ఉండేవారు. అసలు పని చేసింది గ్రామ సామాజిక తనిఖీదారులు. వారిని ఊళ్లలో వీఎస్ఏలు అని పిలిచేవారు. ఉపాధి పనికి పోయే కుటుంబాల నుంచే, చదవడం రాయడం వచ్చిన అమ్మాయిలను అబ్బాయిలను ఎంపిక చేసేవారు. అందువల్ల అందులో ఎక్కువమంది మన వాడల పిల్లలే. పదో తరగతి, ఇంటర్ చదివి ఇంట్లో ఉన్నవారు, డిగ్రీ సెలవుల్లో ఉన్నవారు. హాస్టళ్లలో చదువుకొని వచ్చినవారు ప్రతి బ్యాచిలో కనబడేవారు.

ఒక నియమం నాకు మొదట వింతగా తోచింది. ఎవరినీ వారి సొంత ఊరికి పంపరు. మా ఊరి సంగతులు నాకే బాగా తెలుసు కదా, నన్నెందుకు పంపరు అని నేను అడిగాను. "నీ ఊర్లె నీకు అన్న ఉంటడు, బావ ఉంటడు, మీ నాయిన అప్పు తెచ్చిన ఆసామి ఉంటడు. వాళ్ల ముంగట నీ నోరు లేస్తదా? లేచినా, తెల్లారి నువ్వు ఆడనే బతకాలె" అన్నారు మాకు నేర్పిన సారు. ఇప్పటికీ దానికి మించిన జవాబు నాకు దొరకలేదు. ఊరి బాగు కోసం ధైర్యంగా నిలబడాలని యువతకు ఉపన్యాసాలు ఇచ్చేవారు చాలామంది ఉంటారు. నిలబడ్డవాడు సాయంత్రం ఏ ఇంట్లో అన్నం తినాలో ఆలోచించి నియమం పెట్టినవారు తక్కువ.

శిక్షణ మూడు నాలుగు రోజులు. మొదటి రోజు చట్టం. రెండో రోజు కాగితాలు. దరఖాస్తు, జాబ్ కార్డు, మస్టర్ రోలు, కొలతల పుస్తకం, కూలి చెల్లింపు పత్రం, పోస్టాఫీసు పాసు పుస్తకం, సామాన్ల వోచర్లు. ఏ కాగితంలో రాసింది ఏ కాగితంలో మళ్లీ కనబడాలో చూపేవారు. మస్టర్‌లో 6 రోజులు ఉంటే జాబ్ కార్డులో 6 రోజులు ఉండాలి, పాసు పుస్తకంలో అంత సొమ్ము పడాలి, గుంతలో అంత మట్టి లేచి ఉండాలి. నాలుగింటిలో ఒకటి తప్పినా మన పని మొదలైనట్టే.

తర్వాత అసలు కష్టం, గట్టిగా చదవడం. నవ్వకండి. మస్టర్ రోలు చేతికిచ్చి నిలబడి చదవమంటే మా బ్యాచిలో సగం మందికి గొంతు పెగల్లేదు. క్లాసులో ఫస్టు వచ్చే అమ్మాయి ఒకరు మూడు పేర్లు చదివి తలవంచుకుంది. పెద్దవాళ్ల పేర్లు వాళ్ల ముందే బిగ్గరగా పలకడం మనకు అలవాటు లేదు. నలుగురిలో మాట్లాడితే ఎవరేమంటారో అన్న జంకు మన ఇళ్లలో పాలతో పాటు పడుతుంది. సారు ఆమెను తిట్టలేదు. బయట వేపచెట్టు కింద ఇద్దరిని కూర్చోబెట్టి, వాళ్లకు వినబడేదాకా చదవమన్నారు. నాలుగోసారికి వినబడింది. చివరి రోజు ఆమే అందరికన్నా గట్టిగా చదివింది.

అడిగే పద్ధతి

ఇంటింటికి పోయి అడిగే తీరును మాతో నాటకంలా ఆడించి నేర్పారు. ఒకరు కూలి మనిషి, ఒకరు తనిఖీదారు. అప్పుడు నేర్చుకున్న కొన్ని సంగతులు ఏ పనికైనా పనికొస్తాయి కనుక వివరంగా రాస్తాను.

ప్రశ్నలోనే జవాబు ఉండకూడదు. "నువ్వు 18 రోజులు పోయినవ్ గదా" అంటే ఎదుటి మనిషి తల ఊపుతుంది. ఆమెకు మన చేతిలో కాగితం కనబడుతోంది, కాగితంలో ఉన్నదానికి ఎదురు చెప్పడం ఆమెకు అలవాటు లేదు. "ఎన్ని దినాలు పోయినవ్" అని అడగాలి, ఆమె చెప్పింది రాసుకోవాలి, ఆ తర్వాతే మస్టర్ తీసి చదవాలి.

తేదీలు అడిగితే పని జరగదు. ఏప్రిల్ 3 నుంచి 9 దాకా ఎక్కడున్నావని అడిగితే మన అవ్వలకు ఏం తెలుస్తుంది? ఉగాదికి ముందా తర్వాతనా, బోనాలప్పుడా, ఎవరింట్లో పెళ్లప్పుడా అని అడిగితే వారం వారం లెక్క చెబుతారు. కాబట్టి ఊరికి పోయేముందే ఆ ఏడాది పండుగలు, జాతరలు, ఆ ఊరి సంత రోజు రాసుకొని పోవాలి.

ఊరి చివరి వాడ నుంచి మొదలుపెట్టాలి. నడి ఊరి నుంచి మొదలుపెడితే మొదటి గంటలోనే ఎవరో ఒక పెద్దమనిషి చాయ్ తాగిస్తారు, మనం చివరి వాడకు చేరేసరికి ఏమి చెప్పాలో అక్కడ ముందే చెప్పేసి ఉంటారు. మేటు, ఫీల్డ్ అసిస్టెంటు పక్కన నిలబడి ఉండగా ఎవరినీ అడగరాదు. ఆడవాళ్లను అడగాల్సింది ఆడవాళ్లనే. ఇంటి మగవారిని అడిగితే ఆమె పని రోజులు కూడా వాళ్లే చెప్పేస్తారు.

ఆఖరుది ముఖ్యమైనది. చెప్పింది రాసుకున్నాక మళ్లీ చదివి వినిపించాలి, ఔనన్నాకే సంతకమో వేలిముద్రో. మన తాతలు చదవని కాగితం మీద వేలిముద్ర వేసి పొలాలు పోగొట్టుకున్నారు. అదే పని మన చేతుల మీదుగా జరగరాదు.

కొలతలు కూడా నేర్పారు. లెక్క ఆరో తరగతిదే. ఒక కుంట పొడవు 10 మీటర్లు, వెడల్పు 5 మీటర్లు అనుకుందాం. కొలతల పుస్తకంలో లోతు 1.5 మీటర్లు అని ఉంది. అంటే 75 ఘనపు మీటర్ల మట్టి. టేపు పెట్టి చూస్తే లోతు 1 మీటరే. అంటే 50. తేడా 25 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 80 రూపాయలు అనుకుంటే 2,000 రూపాయలు ఎక్కువ రాశారన్నమాట. అయితే వెంటనే దొంగ అనకండి. వానకు ఒండ్రు కొట్టుకువచ్చి కుంట పూడి ఉండవచ్చు. అందుకే తవ్వేటప్పుడు కొలత కోసం మధ్యలో తవ్వకుండా వదిలిన మట్టి దిమ్మె ఉందేమో చూడాలి, అడుగున గడ్డపారతో పొడిచి గట్టి నేల ఎక్కడ తగులుతుందో చూడాలి, తవ్విన కూలీలను పిలిచి మట్టం ఎక్కడిదాకా ఉండేదో చేయి పెట్టి చూపించమనాలి. అనుమానంతో మొదలుపెట్టి నింద దగ్గర ఆగిపోయిన వాళ్లను మా బ్యాచిలోనే చూశాను. వాళ్ల రిపోర్టులు ప్రజావేదికలో నిలబడలేదు.

ఒక అవ్వ చెప్పిన లెక్క

ఊరి పేరు అవసరం లేదు. పూరింటి దూలానికి వేలాడే సంచిలో, పాలిథిన్ కవర్లో చుట్టి, రేషన్ కార్డుతో కలిపి పెట్టుకుంది ఒక అవ్వ తన జాబ్ కార్డును. ఎన్ని దినాలు పోయినవ్ అవ్వా అని అడిగాను.

"ఉగాదికి ముందు మొదలువెట్టిన్రు బిడ్డా. రెండు వారాలు పోయిన. మూడో వారం పోలే. శ్రీరామనవమి తెల్లారి నా బిడ్డ కాన్పుకు పోయిన, కరీంనగర్ దవాఖానకు. మనుమడు పుట్టిండు. ఇరవై ఒకటి అయినంకనే ఇంటికి వచ్చిన."

మస్టర్‌లో మూడు వారాలు ఉంది. 18 రోజులు. మూడో వారం ఎదురుగా వేలిముద్ర కూడా ఉంది. చదివి వినిపించాను. ఆమె తన బొటనవేలు చూసుకుంది.

ఇక్కడ ఒక పాఠం చెప్పాలి. శిక్షణలో మాలో ఒకడు అడిగాడు, ఆమె పోని వారానికి డబ్బు రాసుకుంటే సర్కారు సొమ్ము పోయింది, ఆమెకు ఏం నష్టం అని. రోజుకు 80 చొప్పున 6 రోజులకు 480 రూపాయలు సర్కారువే, నిజం. కాని కుటుంబానికి ఉన్నది ఏడాదికి 100 రోజులు. దొంగ హాజరు వేసిన 6 రోజులు ఆ వందలో నుంచే పోతాయి. ఎండాకాలం చివర ఆమె పని అడిగితే నీ వంద అయిపోయినయి పో అంటారు. ఆమె తెచ్చుకోని కూలి ఆమె పనిని తినేస్తుంది. ఈ సంగతి ఆ వాడలో చెప్పినప్పుడు అప్పటిదాకా మనకెందుకులే అని అరుగు మీద కూర్చున్నవాళ్లు లేచి కార్డులు తెచ్చుకోవడానికి ఇళ్లలోకి పోయారు.

గ్రామసభ ముందురోజు రాత్రి ఆ ఇంటికి ఎవరెవరో వచ్చిపోయారు. మీరు ఇట్ల చెప్తే ఊర్లె పనే బంద్ అయితది అన్నారట. కోడలు ఏడ్చింది. పొద్దున ఆమె వస్తుందనే ఆశ మాకు లేదు. సభ పంచాయతీ ఆఫీసు ముందర, అన్ని వాడల వాళ్లు వచ్చి కూర్చోగల చోట పెట్టాం. గుడి దగ్గర పెడదామని కొందరన్నా మేము ఒప్పుకోలేదు. ఎందుకో మీకు తెలుసు. ఆలస్యంగా వచ్చి వెనక కూర్చుంది. ఆమె పేరు చదివినప్పుడు లేచి, "మనుమడు పుట్టిన నాడు నేను ఈడ మట్టి మోసిన్నా? దవాఖాన చిట్టీ ఉన్నది, సూస్తరా?" అంది. ముందు ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. ఆ నవ్వుతో సభలో బిగుసుకున్నది సడలింది. మరో ఆరుగురు లేచారు.

తప్పు రాసిన కుర్రాడు కూడా లేచాడు. వాడూ కూలి మనిషి కొడుకే. వాడూ మనలాగే హాస్టల్‌లో చదివినవాడే. వచ్చే 480లో తనకు మిగిలేది ఎంతో, మీదికి పోయేది ఎంతో వాడు ఆ సభలో చెప్పలేదు. రాత్రి మా దగ్గరకు వచ్చి కూర్చున్నప్పుడు చెప్పాడు. మా ఫారాల్లో దానికి గడి లేదు. ఈ విషయం మీద నాకు ఇంకా తృప్తి లేదు.

పనిచేసిన చోటు, చేయని చోటు

మండల స్థాయిలో ప్రజావేదిక జరిగేది. ఊళ్లలో తేలినవి అక్కడ అధికారుల ముందు ఒక్కొక్కటి చదివేవారు, రికవరీకో విచారణకో ఆదేశాలు ఇచ్చేవారు. కూలి మనిషి మైకు పట్టుకొని అధికారిని అడగడం, ఆయన జవాబు చెప్పాల్సి రావడం మామూలు సంగతి కాదు. యామిని అయ్యర్, సలీమా సాంజీ అనే ఇద్దరు పరిశోధకులు కడప, ఖమ్మం, మెదక్ జిల్లాల్లో కూలీలను తనిఖీకి ముందు, తనిఖీ అయిన నెలలోపు, మళ్లీ ఆరు నెలలకు కలిసి అడిగారు. పథకం గురించి కూలీలకు తెలిసింది బాగా పెరిగింది, ఆరు నెలల తర్వాత కూడా చాలావరకు నిలిచింది. పెద్దల చదువు అంటే రాత్రి బడిలో అ ఆ లు దిద్దించడమే అనుకునేవారు ఈ ఫలితాన్ని గమనించాలి. అక్షరం రాని మనిషి కూడా తన కార్డు మీద ఏముందో ఒకసారి విన్నాక మరవదు.

రెండో వైపు కూడా చెప్పాలి. ఫర్జానా అఫ్రిది, వెగార్డ్ ఐవర్సన్ అనే పరిశోధకులు 2006 నుంచి 2010 దాకా ఈ రాష్ట్రంలో జరిగిన తనిఖీ నివేదికలను పరిశీలించారు. తనిఖీలు మళ్లీ మళ్లీ జరిగినా అవకతవకలు మొత్తంగా తగ్గలేదని, పట్టుకోవడం కష్టమైన సామాన్ల బిల్లుల వైపు జరిగాయని, తేలిన సొమ్ములో వసూలైంది కొద్దిగానేనని, శిక్షలు చాలా అరుదని రాశారు. మాకు ఊళ్లలో కనబడిందీ ఇదే. అవ్వ వేలిముద్ర దొరుకుతుంది. సిమెంటు బస్తాల బిల్లు దొరకదు. మస్టర్ చదవడం నేర్పినంత ఓపికగా వోచరు చదవడం మాకు నేర్పలేదు. పట్టుబడేది చిన్న చేప. ఇంకో లోటు ఏమిటంటే, ప్రజావేదిక అయినాక జట్టు మరో మండలానికి పోతుంది. ఇచ్చిన ఆదేశం ఏమైందో ఊరికి వచ్చి చెప్పేవారు ఉండరు. తర్వాతి గ్రామసభలో మొదట పాత ఆదేశాల సంగతి చదివాకే కొత్త కాగితం తీయాలి. ఇది నా అభిప్రాయం. తనిఖీ చేసినవారిలో ఇదే మాట అన్నవారిని చాలామందిని కలిశాను.

లోట్లు ఉన్నా పద్ధతి ఆగలేదు. 2011లో కేంద్రం దేశమంతటికీ సామాజిక తనిఖీ నియమాలు చేసినప్పుడు మన అనుభవం వాటికి నమూనా అయింది. 2014లో రాష్ట్రం వేరైనాక తెలంగాణకు తన సొసైటీ తనకు ఏర్పడింది. మేఘాలయ రాష్ట్రం 2017లో దీనికోసం ప్రత్యేక చట్టమే చేసింది.

మన పక్కనే ముల్కనూరు

బయటివారు వచ్చి లెక్క చదివిపోతే చాలదు, ఊరివాళ్లే రోజూ చదువుకోవాలి అనేవారికి మనకు దగ్గరలోనే ఒక ఉదాహరణ ఉంది. హుస్నాబాద్ పక్కన ముల్కనూరు. అది కూడా ఒకప్పటి కరీంనగర్ జిల్లాదే, నేడు హన్మకొండ జిల్లాలో ఉంది. ఎ.కె. విశ్వనాథరెడ్డి చొరవతో 1956లో అక్కడ మొదలైన సహకార సంఘం పేరు మీకు తెలుసు. అంతకన్నా మన పాఠానికి దగ్గరది 2000లో మొదలైన మహిళా పాల డెయిరీ. పొదుపు సంఘాలు నడిపిన ఆడవాళ్లే, సహకార రంగంలో పనిచేసే సీడీఎఫ్ అనే సంస్థ ఇచ్చిన శిక్షణతో, 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద దాన్ని పెట్టుకున్నారు. సభ్యులు ఆడవాళ్లే, డైరెక్టర్లు ఆడవాళ్లే. పాలలో వెన్న శాతం చూసి ధర కట్టడం, సంఘం లెక్కను సర్వసభ్య సమావేశంలో చదివి అడగడం వాళ్లకు అలవాటైన పనులు. రెండు బర్రెలున్న ఇల్లాలు అంకెలు అడుగుతుంది, అంకెలు చెప్పాల్సినవారు చెబుతారు. అక్కడ బయటి తనిఖీదారు కోసం ఎదురుచూడరు.

రెండింటికీ తేడా గమనించండి. డెయిరీలో అడిగే మనిషికి వాటా ఉంది, తన సొమ్ము తాను అడుగుతోంది. ఉపాధి పనిలో కూలి మనిషికి, ఆ సొమ్ము తనదేనని ముందు నమ్మకం కలగాలి. సర్కారు పెట్టింది, మనం తిన్నాం అనే మాట వాడల్లో ఇప్పటికీ వినబడుతుంది. అందుకే శిక్షణలో 100 రోజులు హక్కు అన్న మాటను అన్నిసార్లు చెప్పించేవారు.

హాస్టల్‌లో మొదలుపెట్టండి

నేను చిన్నప్పుడు చదివిన ఒక హాస్టల్‌లో, చదువు మానేసి పత్తి చేలకు పోయిన ముగ్గురు పిల్లల పేర్లు హాజరు పట్టీలో నెలల తరబడి నడిచాయి. మాకందరికీ తెలుసు. రోజూ పిలిచేవారు, ఎవరో ఒకరు హాజర్ అనేవారు, మేము నవ్వుకునేవాళ్లం. ఆ ముగ్గురి బియ్యం, పప్పు ఎటు పోతోందన్న ఆలోచన మాకు రాలేదు. వచ్చినా ఎలా అడగాలో తెలియదు. అడగడం అంటే తిరగబడడమే అనుకున్నాం. హాస్టల్‌లో అందరికీ ఒకే పళ్లెం, ఒకే గంటె, అది సమానమే. కాని ఇంటి నుంచి పచ్చడి తెచ్చుకోలేని పిల్లవాడికి ఆ గంటెడు పప్పు పలచబడితే పోయేది ఎక్కువ. ఆ తేడా మీకు తెలియాలనే ఇదంతా రాస్తున్నాను.

వార్డెన్ సారును అడిగి, మెస్ కమిటీలో ఇద్దరు, పెద్ద తరగతుల నుంచి ఒకరు, చిన్న తరగతుల నుంచి ఒకరు, వారానికి ఒకసారి స్టాకు రిజిస్టరు, హాజరు పట్టీ పక్కపక్కన పెట్టి చదవండి. రాత్రి భోజనానికి ముందు అందరూ ఉన్నప్పుడు గట్టిగా చదవండి. తప్పు దొరకాలని చదవకండి. ఎక్కువ వారాలు అంతా సరిగానే ఉంటుంది. సరిగా ఉందని చదవడం కూడా అలవాటు కావాలి, వార్డెన్లకు, వంటవాళ్లకు కూడా అది మేలే. ఏడో తరగతి పిల్లవాడికి ఒకసారి ఆ అవకాశం ఇచ్చి చూడండి.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఇంకో పని. ఇంట్లో ఉన్న కార్డులు, పాసు పుస్తకాలు బయటకు తీయించి, వాటిలో ఏముందో ఇంటివాళ్లకు చదివి వినిపించండి. రూపాయలు రూపాయల్లా చెప్పండి, తేదీలను పండుగల్లోకి మార్చి చెప్పండి. ఊరి మీదికి పోకండి, ముందు మీ ఇల్లు, మీ పక్కిల్లు చాలు.

నేను ఇది ఆలస్యంగా చేశాను. రెండు మండలాల కార్డులు చదివి ఇంటికి వస్తే మా అమ్మ, "ఊరందరియి సదువుతున్నవట, మరి నాది ఎప్పుడు సదువుతవ్ కొడుకా" అంది. ట్రంకు పెట్టె అడుగు నుంచి తీసి ఇచ్చింది. మొదటి పేజీలో ఆమె ఫొటో, నాయిన ఫొటో, ముద్ర అన్నీ ఉన్నాయి. మూడు ఎండాకాలాలు ఆమె మట్టి మోసింది. పని రోజులు రాయాల్సిన పేజీలు అన్నీ తెల్లగా ఉన్నాయి. ఆ రాత్రి దీపం పెట్టుకొని, ఏ ఉగాదికి ఏ కుంట, ఏ జాతరకు ఏ కాలువ అని ఆమె చెబుతుంటే నేను వేరే నోటు బుక్కులో రాసుకున్నాను.